చివరి బల్ల మీద లెక్కల మాస్టారు

బడి తెరిచే రోజుకల్లా పూర్తి చేయవలసిన పనులు ఇవి:

లెక్కల పుస్తకాల్లో తీసివేత పాఠం ఉన్న పేజీలను జిగురుతో ఒకదానికొకటి అంటించాలి. చించరాదు. చించితే పుస్తకంలో పేజీలు తగ్గుతాయి.

గోడల మీద, నల్లబల్లల మీద ఎక్కడ తీసివేత గుర్తు కనిపించినా దానిపై నిలువుగా ఒక గీత గీసి, గౌరవప్రదమైన గుర్తుగా మార్చాలి.

సైన్సు గదిలోని చంద్రుడి పటంలో అమావాస్య వైపు వెళ్లే సగాన్ని తెల్ల కాగితంతో కప్పాలి.

పిల్లలు పెన్సిళ్లు చెక్కకుండా చూడాలి.

మెట్లు ఎక్కడానికి మాత్రమే. దిగక తప్పనివారు ముఖం పైకి పెట్టి వెనక్కి వెనక్కి దిగాలి. చూసేవారికి ఎక్కుతున్నట్టే ఉండాలి.

ఏ తరగతిలోనూ, ఏ రోజూ, హాజరు పట్టీలోని పిల్లల సంఖ్య ముందు రోజుకంటే తగ్గరాదు.

ఈ ఉత్తర్వు మా బడికి వచ్చినప్పుడు పెద్ద మేడమ్, అంటే మా ప్రధానోపాధ్యాయురాలు, దాన్ని టీచరునైన నా చేతిలో పెట్టి తలనొప్పి మాత్ర వేసుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా ముఖం చూసిన మొదటిదాన్ని నేనే. ప్రభుత్వ కాగితం ఏదైనా వస్తే మా నాన్న చేతులు కడుక్కుని మరీ అందుకుంటాడు. అలాంటి ఇంట్లో పుట్టాను కనుక ఉత్తర్వును ప్రశ్నించాలన్న ఆలోచన నాకు రాలేదు. జిగురు సరిపోతుందా అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

సరిపోయింది. నేనూ, మా బంట్రోతూ కలిసి సెలవులన్నీ అంటిస్తూనే గడిపాం. ఆయనను పిల్లలు గంట మావయ్య అంటారు. వెనక్కి మెట్లు దిగడం కూడా అలవాటైంది. మొదట్లో కొందరు పడ్డారు గానీ, ముఖం పైకే పెట్టుకుని పడ్డారు కనుక క్రమశిక్షణకు భంగం కలగలేదు. గంట విషయంలోనే కొంచెం చిక్కొచ్చింది. మొదటి పిరియడ్‌కు ఒకటి, రెండో దానికి రెండు, అలా సాయంత్రానికి పెంచుకుంటూ పోవడం సబబే. కానీ మర్నాడు ఉదయం మళ్లీ ఒకటికి దిగడం ఎలా? దిగకుండా గంట మావయ్య పెంచుకుంటూనే పోయాడు. కొన్నాళ్లకు బడి సాగినంతసేపూ గంట మోగుతూనే ఉండేది. అది ఆగినప్పుడు పిరియడ్ అయిపోయిందని పిల్లలు లేచేవాళ్లు. ఆయన కుడి భుజం ఎడమ భుజంకంటే బాగా లావెక్కింది. అది కూడా వృద్ధి కిందే నమోదైంది.

వృద్ధివాదం మా దేశాన్ని దొంగచాటుగా ఆక్రమించిందని కొందరంటారు. అది అన్యాయం. వృద్ధివాదులు పట్టపగలు, డప్పులు కొట్టుకుంటూ వచ్చి, ఓట్లు వేయించుకుని, దర్జాగా కుర్చీ ఎక్కారు. ‘ఎల్లప్పుడూ పైపైకి’ అన్నది వాళ్ల నినాదం. తాపీ మేస్త్రీ అయిన మా నాన్న వాళ్లకే వేశాడు. ఎందుకు వేశావని అమ్మ అడిగితే, “పెంచుతామన్నారే. తగ్గిస్తామన్నవాడికి ఎవడైనా వేస్తాడా?” అన్నాడు. ఈ వాదానికి జవాబు చెప్పగలిగినవారిని నేను ఇంతవరకూ చూడలేదు.

కుర్చీ ఎక్కాక వాళ్లు మాట తప్పలేదు. న్యాయస్థానాల్లో శిక్షలు పెరిగాయి, తగ్గించమని అడిగినవారికి ఇంకొంచెం పెరిగాయి. వాతావరణ శాఖవారు ఉష్ణోగ్రత నిన్నటికంటే తగ్గిన రోజున నిన్నటిదే మళ్లీ ప్రకటించి, ప్రజలను దుప్పటి కప్పుకోమని మర్యాదగా సూచించేవారు. ప్రతి బడికీ ఒక వృద్ధి పర్యవేక్షకుడిని పంపారు. మా పర్యవేక్షకుడు పూర్వాశ్రమంలో బెలూన్ల వ్యాపారి. ఊదడంలో ఆయనకున్న అనుభవాన్ని చూసే ఎంపిక చేశారు. మంచి మనిషి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు, ఎవరి మాటా వినేవారు కాదు.

ప్రభుత్వ బస్సుల్లో ఎక్కినవారి సంఖ్య తగ్గకూడదన్నారు. అంటే ఎవరైనా ఎక్కితే తప్ప ఎవరూ దిగడానికి లేదు. ముందు కొంత గోల అయింది గానీ, మనవాళ్లు సర్దుకుపోవడంలో తాడిని తన్నేవాడి తల దన్నేవాళ్లు కదా. ఎక్కడికీ వెళ్లే పని లేని పెద్దవాళ్లు స్టాపుల దగ్గర నిలబడి, దిగాల్సినవాళ్ల కోసం ఎక్కేవారు. పై స్టాపులో వాళ్ల కోసం ఇంకెవరో ఎక్కేవారు. కూరగాయలు కొనుక్కుని ఇంటికి బయలుదేరిన ఒక పెద్దావిడ ఇలా ఊరంతా తిరిగి పొద్దు గూకాక ఇంటికి చేరిందట. కూరగాయలు వాడిపోయాయి గానీ, చుట్టపక్కాలందరినీ చూసిన సంతోషం మిగిలిందని చెప్పుకుంది.

ఇక బడి సంగతి. ఉత్తర్వులో చివరి వాక్యం చూడ్డానికి చిన్నది. పిల్లల సంఖ్య తగ్గరాదు. పదో తరగతి పాసైన పిల్లలు టీసీ తీసుకుని వెళ్లిపోతే తగ్గుతుంది. కాబట్టి వాళ్లు వెళ్లరాదు. పాసైనవారు కిందటి ఏడాది నుంచి అదే గదిలో ఉన్నారు. ఈ ఏడాది తొమ్మిది నుంచి వచ్చినవారూ అదే గదిలో చేరారు. బల్లలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చునేవాళ్లు. చీలమండల దాకా రావాల్సిన ఆడపిల్లల లంగాలు మోకాళ్ల దగ్గరే ఆగాయి. నూనూగు మీసాలు వచ్చిన మగపిల్లలు పొద్దున్నే కిందటేడు పద్యాలే మళ్లీ అప్పజెప్పేవాళ్లు.

ఆ గదిలో, కిటికీ పక్కన చివరి బల్ల మీద, మా చెల్లెలు ఉంది.

నది అవతల ఒక దాతృత్వ ఆసుపత్రివారు నడిపే నర్సింగ్ బడిలో దానికి సీటు వచ్చింది. అది ప్రభుత్వానిది కాదు కనుక అక్కడ ఇంకా తీసివేతలు జరుగుతున్నాయి. బోలెడంత మంది దరఖాస్తు పెడితే, చాలామందిని తీసివేసి, మా చెల్లిని ఉంచారు. తరగతులు మొదలయ్యేలోగా టీసీతో వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు పంపారు. చిన్నప్పటి నుంచీ దానికి అదొక్కటే పిచ్చి. నాన్నకు పనిలో గాయమైతే కట్టు కట్టేది, గాయం లేకపోయినా కట్టేది. పక్కింటి కుక్క కాలికి కట్టిన కట్టు చూసి పశువుల డాక్టరుగారు, ఇది ఎవరు కట్టారని అడిగారు.

హాజరు పట్టీ నా దగ్గరే ఉండేది. టీసీ పుస్తకం కూడా నా బీరువాలోనే ఉండేది. రోజూ పొద్దున్న నేను పేరు పిలిస్తే మా చెల్లి, “ఉన్నాను మేడమ్” అనేది. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం, “అక్కా, నీ డిగ్రీ పుణ్యమా అని నేను పదో తరగతిలోనే ముసలిదాన్నయ్యేలా ఉన్నాను” అనేది. అమ్మ నా పళ్లెంలో అన్నం పెట్టి, గరిటెను కొంచెం గట్టిగా కింద పెట్టేది.

నేను విధి తప్పలేదు. అర్జీ రాసుకుని పర్యవేక్షకుడి గదికి వెళ్లాను. ఆయన దాన్ని చదివి, కుర్చీలోంచి లేచి, నాకు ఒక్కదానికే నిండు సభలో ఇచ్చినంత ఉపన్యాసం ఇచ్చారు.

“బడి అంటే ఏమిటి మేడమ్? చేరే చోటు. వెళ్లే చోటు కాదు. నదులన్నీ వెళ్లి సముద్రంలో చేరుతున్నాయి. సముద్రం ఏనాడైనా ఏ నదికైనా టీసీ ఇచ్చిందా? మీ చెల్లెలు ఇక్కడ ఉంది. సంతోషించండి. రేపూ ఉంటుంది. మరింత సంతోషించండి.”

ఆయన అంత బాగా చెప్పేసరికి నేను సంతోషించాననే అనుకున్నాను. ఇంటికెళ్లి చెల్లికి చెప్పాను.

“సముద్రంలో నీళ్లు ఆవిరై పోతాయని సైన్సు పుస్తకంలో ఉండేది కదా” అంది.

“ఉండేది.”

“ఆ పేజీ కూడా అంటించావా?”

“అంటించాను.”

అది అటు తిరిగి, బాగానే ఉన్న తన వేలికి తనే కట్టు కట్టుకుంది.

ఇక్కడ లెక్కల మాస్టారి గురించి చెప్పాలి. ఆయనకు ఉద్యోగ విరమణ వయసు వచ్చి వెళ్లిపోయింది. వీడ్కోలు సభ జరిగింది, ప్రసంగాలు అయ్యాయి, అందరం కలిసి ఫొటో దిగాం, ఇద్దరు కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు. మర్నాడు ఆయన మామూలుగా బడికి వచ్చారు. సిబ్బంది సంఖ్య తగ్గకూడదు కదా. ఆయన స్థానంలో కొత్తవారిని తీసుకుందామంటే దరఖాస్తుదారుల్లో కొందరిని తీసివేయాలి. అది నిషిద్ధం. మోకాళ్ల నొప్పులతో, నవ్వు ముఖంతో ఆయన అలాగే కొనసాగుతున్నారు.

తీసివేత రద్దయిందని తెలిసిన రోజున ఆయన చేసిన అభ్యంతరం ఒకే ఒకటి. “తీసివేతను తీసేయాలన్నా తీసివేత రావాలి కదండీ” అన్నారు. పర్యవేక్షకుడు దీని గురించి భోజనాల వేళ దాకా ఆలోచించి, అది పొగడ్తేనని తేల్చుకున్నారు. ఆ తర్వాత మాస్టారు తరగతిలో, పదిలోంచి ఎనిమిది పోతే ఎంత అని అడగడం మానేసి, ఎనిమిదికి ఎంత కలిపితే పది అవుతుందని అడగడం మొదలెట్టారు. పిల్లలకు లెక్క వచ్చింది. పర్యవేక్షకుడికి ఆనందం వచ్చింది. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

నర్సింగ్ బడి గడువు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నేనూ మాస్టారూ ఒకే బస్సులో ఉన్నాం. మా స్టాపు వచ్చింది. బయట ఎవరూ లేరు. “ఎవరైనా ఎక్కనీ అక్కయ్యా, తొందరేముంది?” అన్నాడు కండక్టరు. ఇంతలో ఒక పెద్దాయన, ఎదురింటి అరుగు మీద నుంచి దిగి వచ్చి, దారి చేసుకుని ఎక్కాడు. “దిగమ్మా, నువ్వు దిగు. నాకేం పని” అన్నాడు. నేను దిగాను. మాస్టారు దిగలేదు. కిటికీలోంచి ఆ పెద్దాయన వైపే చూస్తూ, ఏదో పెద్ద సమీకరణం తేలినట్టు తల ఊపుతూ వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన చిట్టచివరి స్టాపుదాకా వెళ్లారని తర్వాత తెలిసింది.

మర్నాడు ప్రార్థన గంట ఆగకముందే మాస్టారు పెద్ద మేడమ్ గదికి వచ్చి, పదో తరగతిలో చేరతానని దరఖాస్తు ఇచ్చారు. పర్యవేక్షకుడు అక్కడే ఉన్నారు. నేనూ ఉన్నాను.

పెద్ద మేడమ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. “మాస్టారూ, మీకు ఒంట్లో బాగానే ఉందా?”

“మోకాళ్లు తప్ప అంతా బాగుందమ్మా.”

“నేరుగా పదిలో ఎలా చేరతారు?”

“తొమ్మిదో తరగతి పాసయ్యాను. కొంతకాలం క్రితం.”

పర్యవేక్షకుడు నిబంధనల పుస్తకం తెప్పించారు. గరిష్ఠ వయోపరిమితి అన్న చోట నల్లసిరా పూసి ఉంది. పరిమితి అన్న భావనే వృద్ధికి గొడ్డలిపెట్టని వాళ్లే దాన్ని కొట్టేశారు. ఉద్యోగి విద్యార్థి కావచ్చునా అని వెతికారు. ఎవరైనా అదనంగా ఏదైనా కావచ్చు, ఉన్నది కాకుండా పోవడమే తప్పు అని ఉంది. ఆయన ముఖం బెలూనులా విప్పారింది. ఏడాది మధ్యలో కొత్త చేరిక! చేతులు పట్టుకుని ఊపేశారు.

“ఒక్క మనవి” అన్నారు మాస్టారు. “మోకాళ్ల మూలాన నాకు చివరి బల్ల కావాలి. కిటికీ పక్కది. అక్కడ ఈ టీచరమ్మ చెల్లెలు కూర్చుంటోంది. ఆ పిల్లను కాస్త జరగమంటే...”

“ఎంతవరకు జరగాలి?” అన్నారు పర్యవేక్షకుడు.

“నది అవతలి వరకు.”

పర్యవేక్షకుడు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. ఒకరు వచ్చారు, ఒకరు జరిగారు, సంఖ్య నిన్నటిలాగే ఉంది. తగ్గరాదన్నారు గానీ, జరగరాదని ఎక్కడా అనలేదు. తీసివేత వచ్చినవారైతే ఇందులో ఏదో తేడా పట్టేవారు. ఆయన నిజాయతీపరుడు, ఎప్పుడో మరిచిపోయారు. సంతకం పెట్టారు. నేను వెంటనే కూర్చుని టీసీ రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవిగా వచ్చాయి. దానిని కూడా ఆయన మెచ్చుకున్నారు.

చెల్లి సంచి భుజాన వేసుకుని, మెట్లు ముందుకు తిరిగే దిగింది. ఆ ఒక్కసారికి నేను చూడనట్టు ఊరుకున్నాను. గుమ్మం దగ్గర మాస్టారు దానికి ఎదురుపడ్డారు. “ఆ బల్ల ఎడమ కాలు ఊగుతుంది మాస్టారూ, అట్ట మడిచి పెట్టాను, తీయకండి” అంది. “తీయనమ్మా. మనకు తీయడం నిషిద్ధం” అన్నారాయన. అది నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ పోయింది. వెళ్లేముందు ఆయన మోకాలికి ఒక కట్టు కూడా కట్టింది.

ఆ రోజు నుంచి మాస్టారు నల్లబల్ల దగ్గర ఉపాధ్యాయులు, చివరి బల్ల దగ్గర విద్యార్థి. తరగతిలో ప్రశ్న వేసి, ఎవరూ చెప్పకపోతే చాక్‌పీసు పెట్టేసి వెనక్కి నడిచి, తన బల్ల దగ్గర నిలబడి జవాబు చెప్పి, మళ్లీ ముందుకొచ్చి, “గట్టిగా చెప్పాలి, వినబడలేదు” అని తననే మందలించేవారు. ఇంటి లెక్కలు చేయని రోజున బల్ల మీద నిలబడేవారు. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని తనే విన్నవించుకుని, కూర్చోమని తనకు తనే అనుమతి ఇచ్చుకునేవారు. ఇంత దయగల మాస్టారిని చూడలేదని మిగతా పిల్లలు అనుకునేవారు.

కబురు దాగలేదు. వారం తిరగకుండానే ఒక దర్జీ తన కొడుకు స్థానంలో చేరాడు. కొడుకు పట్నంలో పనికి కుదిరాడు. తర్వాత ఒక మంగలి, ఒక రిటైరైన తపాలా ఉద్యోగి, ముగ్గురు అమ్మలు, ఒక బామ్మ. బామ్మ అల్లిక సరంజామాతో వచ్చి మొదటి బల్ల ఆక్రమించింది. పిల్లలంతా ఒక్కొక్కరే జరిగిపోయారు. ఎవరు ఎక్కడికి జరగాలో అక్కడికి. ఈ వయసువాళ్లు కిటికీ గట్ల మీదికి ఎక్కలేరు కనుక బల్లల మీదే ఇరుక్కుని సర్దుకున్నారు. మా నాన్న కూడా చేరాలని ఉబలాటపడ్డాడు గానీ, అమ్మ గరిటె కింద పెట్టిన తీరు చూసి ఊరుకున్నాడు.

అప్పుడే విద్యామంత్రిగారు తనిఖీకి వస్తున్నారన్నారు. పెద్ద మేడమ్‌కు తలప్రాణం తోకకు వచ్చింది. మాత్రల సీసా ఖాళీ అయింది, కానీ ఖాళీ అనకూడదు కనుక పక్కనే ఇంకో సీసా పెట్టుకున్నారు.

మంత్రిగారు మెట్లు ఎక్కి వచ్చి, పదో తరగతి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. బట్టతలలు, నెరిసిన జడలు, కళ్లద్దాలు. అందరూ ఒక్కసారిగా, కీళ్లు టకటకలాడేలా లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మా చెల్లి అప్పటికి నది అవతల తొలి పరీక్షలకు చదువుకుంటోంది. ఒక్క సంతకంతో దాన్ని వెనక్కి పిలిపించగలిగిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నారు.

మంత్రిగారు పిల్లల ఎత్తు, బరువు నమోదు చేసిన చార్టు చూశారు. కిందటి ఏడాదితో పోల్చారు. మళ్లీ చూశారు. వెంట వచ్చినవారి వైపు తిరిగారు.

“మిత్రులారా! దేశమంతా తిరిగాను. ఇటువంటి ఎదుగుదల ఎక్కడా చూడలేదు. ఒక్క ఏడాదిలో ఈ పిల్లలు ఎత్తులో, బరువులో, అనుభవంలో ఎంత పెరిగారో చూడండి! మీసాలు సైతం పెరిగాయి! మన సిద్ధాంతాన్ని వెక్కిరించినవాళ్లు వచ్చి ఈ గదిని చూడాలి!”

చప్పట్లు మోగాయి. బామ్మ అల్లిక ఆపకుండానే తల ఊపింది. మంత్రిగారు ఆ ఊపులో గది వెనక దాకా నడిచి, చివరి బల్ల దగ్గర ఆగి, మాస్టారి భుజం తట్టారు.

“బాబూ, పెద్దయ్యాక ఏమవుదామని ఉంది నీకు?”

పర్యవేక్షకుడు ఊపిరి బిగపట్టారు. ఆయన అంతసేపు ఊదకుండా ఉండడం నేను చూడలేదు. మాస్టారి మనసులో ఉన్న మాట ఒక్కటే, విరమణ. ఆ మాట అంటే తనిఖీ మొత్తం తిరగబడుతుంది. ఆయన కిటికీలోంచి బయటికి, నది ఉన్న వైపు చూశారు. లేచి నిలబడ్డారు.

“ఇంకా పెద్దవాణ్ణి అవుదామని ఉంది సార్” అన్నారు.

మంత్రిగారు ఆయనను కౌగిలించుకున్నారు. మా బడి ఆదర్శ పాఠశాల అయింది. పర్యవేక్షకుడు రాష్ట్రస్థాయికి ఎదిగారు. నాకు పదోన్నతి వచ్చింది, నాన్న చేతులు కడుక్కుని ఆ కాగితం అందుకున్నాడు. అన్ని బడుల్లోనూ మా పద్ధతే పాటించమని ఉత్తర్వు వెళ్లింది.

మా చెల్లి ఇప్పుడు నర్సు. దర్జీ కొడుకు సొంత కొట్టు పెట్టాడు. తక్కిన పిల్లలూ తలా ఒక దారిలో స్థిరపడ్డారు. అమ్మల బదులు అత్తలు, మంగలి బదులు ఆయన బావమరిది, బస్సులో లాగే ఒకరి కోసం ఒకరు ఎక్కుతూ దిగుతూ నడిపిస్తున్నారు. లెక్కల మాస్టారు మాత్రం చివరి బల్ల మీదే ఉన్నారు. ఆయన కోసం ఎక్కేవాళ్లు లేరు. పిల్లలు లేని మనిషి. పైగా అందరూ ఆయనను అంతగా గౌరవిస్తారు కనుక, ఆయన స్థానంలో కూర్చునే అర్హత తమకు లేదని వినయంగా తప్పుకుంటారు. కిందటి నెల పాత విద్యార్థులంతా చేరి ఆయన త్యాగాన్ని కొనియాడుతూ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశారు. నేనే రాశాను. దానిని చివరి బల్ల దగ్గర గోడకు తగిలించాం, ఆయనకు బాగా కనిపించేలా. నెలకొకసారి సెలవు దొరికినప్పుడు మా చెల్లి వస్తుంది. ఒక పూట ఆ బల్ల మీద కూర్చుంటుంది. ఆ పూట మాస్టారు బజారుదాకా నడిచి, టీ తాగి, మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేస్తారు.

ఇది చదువుతున్న మీరు కూడా ఎప్పుడో ఏదో ఒక బడిలోంచి బయటికి వచ్చినవారే. మీ సొంత తెలివితో వచ్చామనే అనుకుంటూ ఉంటారు. అనుకోండి, తప్పు లేదు. అయితే పొద్దున పూట బస్సులో మీకు కూర్చునే చోటు దొరికి, కిటికీలోంచి ఏదైనా బడి కనిపిస్తే, అక్కడ హాజరు పిలిచే వేళకు, ఊగే బల్ల పక్కన మోకాళ్లు పట్టుకుని లేచి “ఉన్నాను మేడమ్” అనే మా లెక్కల మాస్టారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. దిగి వచ్చి కూర్చోమని అడగను. మీకు పనులుంటాయి.